పాత కార్డులిచ్చి గద తెచ్చుకోవడం ఎలా

మా ఇంట్లో సజ్జ మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి చాలా ఏళ్లు అట్లనే పడి ఉంది. దాన్నిండా మా తమ్ముడి చిన్నప్పటి కార్డులు: పోకెమాన్, క్రికెట్, డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు. ఇప్పుడు ఆ డబ్బా దాదాపు ఖాళీ అయింది, టీవీ పక్కన మూడడుగుల గద నిలబడింది. మహబూబ్‌నగర్‌లో ఒకాయన సినిమాలోది చూసి చేత్తో చేసిన గద అది. కార్డులిచ్చి తెచ్చుకున్నాను. నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో ఇలాంటి డబ్బాలు చాలానే ఉంటాయి. సినిమాల్లో చూసిన వస్తువును అచ్చు గుద్దినట్టు చేసే చేతులూ మన దగ్గరే ఉన్నాయి. ఈ రెండింటినీ ఎట్లా కలపాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్తాను.

ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. కార్డుకు ఇంటర్నెట్‌లో రేటు దొరుకుతుంది. చేత్తో చేసిన గదకు అట్లా దొరకదు, దానికి పట్టిన రోజులే దాని రేటు. ఈ మార్పిడిలో మనస్పర్థలన్నీ ఇక్కడే మొదలవుతాయి. అందుకే మన కార్డుల లెక్క ఎంత శ్రద్ధగా వేసుకుంటామో, అవతలి మనిషి పని లెక్కా అంతే శ్రద్ధగా వేయాలి.

డబ్బా ఎవరిదో వాళ్లను అడగండి

ఇది చాలామంది మర్చిపోతారు. కార్డులు మీ పిల్లలవో, తమ్ముడివో అయితే, వాళ్లు ఇప్పుడు ఆడకపోయినా సరే, ఒక ఫోన్ చేయండి. నేను తమ్ముడికి ఫోన్ చేసి "నీ కార్డులు ఇచ్చేయనా రా?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇచ్చేయన్నా, అండర్‌టేకర్‌ది మాత్రం ఉంచు" అన్నాడు. ఆ ఒక్కటీ ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. అడగకుండా ఇచ్చేసిన వస్తువును తర్వాత తిరిగి తేలేం.

వేరు చేయడం

ఫ్యాను ఆపి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి కూర్చోండి. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, కొబ్బరినూనె తగిలితే కార్డు మీద మచ్చ పోదు. ముందు రకాలవారీగా కుప్పలు పెట్టండి.

పోకెమాన్ కార్డయితే కింది మూలన చిన్న గుర్తు చూడండి. గుండ్రటి చుక్క ఉంటే మామూలు కార్డు, డైమండ్ ఆకారం ఉంటే కాస్త తక్కువగా దొరికేది, నక్షత్రం ఉంటే అరుదైనది. ఆ పక్కనే 4/102 లాంటి అంకె ఉంటుంది. అంటే 102 కార్డుల సెట్‌లో నాలుగోది. ముందు అంకె వెనక అంకె కన్నా పెద్దదిగా ఉంటే, ఉదాహరణకు 105/102 తరహాలో, ఆ కార్డును వెంటనే పక్కకు తీసి జాగ్రత్త చేయండి. సెట్ లెక్కకు పైన వేసిన అరుదైన కార్డులు అవి. 1999లో ఇంగ్లిష్‌లో వచ్చిన తొలి సెట్ల మీద బొమ్మ కింద ఎడమ పక్క 'ఎడిషన్ 1' అని చిన్న నల్ల ముద్ర ఉంటే ఆ కార్డుకు విలువ బాగా పెరుగుతుంది. మామూలు ఎనర్జీ కార్డులు, అంటే ఆటలో పోకెమాన్‌కు శక్తినిచ్చేవి, ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు, వాటిని ఉచితంగా కలిపి ఇవ్వండి.

ట్రంప్ కార్డుల సంగతి వేరు. చెస్ట్, బైసెప్స్, ఫైట్స్ ఫాట్, ఫైట్స్ వన్ అని స్కూల్ వరండాలో ఆడుకున్న కార్డులు అవి. విడిగా వాటికి పెద్ద రేటు రాదు. ప్యాక్ మొత్తం, డబ్బాతో సహా ఉంటే మాత్రం ఆ వయసు వాళ్లు ఇష్టంగా తీసుకుంటారు. క్రికెట్ కార్డులు కూడా అంతే. ఒకే సీజన్‌వి, ఒకే జట్టువి కలిపి కట్టగా పెడితే విలువ, చిల్లరగా ఉంటే తక్కువ.

ఇక నకిలీలు. ఫ్యాన్సీ షాపుల్లో, జాతరల్లో అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ పోకెమాన్ కార్డులు అసలువి కావు. వాటిని మార్పిడిలోకి తేవద్దు. మిగతావాటిలో అనుమానం వస్తే మీకు కచ్చితంగా అసలుదని తెలిసిన కార్డును పక్కన పెట్టి పోల్చండి. వెనక వైపు నీలం మరీ లేతగా ఉందా, అక్షరాలు లావుగా ఉన్నాయా, వేళ్ల మధ్య పట్టుకుంటే పలచగా, జారుడుగా ఉందా చూడండి. చీకటి గదిలో ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూస్తే, నకిలీ కార్డులోంచి వెలుతురు ఎక్కువగా బయటికి వస్తుంది. మా డబ్బాలో మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన ప్యాకెట్లవి అసలువి, ఊర్లో కొన్నవాటిలో సగానికి పైగా ఈ పరీక్షలో పోయాయి. బాధగానే ఉంటుంది. అయినా వాటిని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయండి, మార్పిడిలో మాత్రం పెట్టొద్దు.

కార్డు పరిస్థితి ఎట్లా చెప్పాలి

కిటికీ దగ్గర కార్డును ఏటవాలుగా పట్టుకోండి. నాలుగు మూలల్లో తెల్లగా పొట్టు లేచిందా, అంచులు నలిగాయా, మెరిసే కార్డయితే పైన గీతలున్నాయా, ఎక్కడైనా మడత పడిందా చూడండి. మడత పడ్డ కార్డు ఎంత అరుదైనదైనా ధర సగం కంటే కిందికి పోతుంది. వానాకాలంలో మెరిసే కార్డులు విల్లులా వంగుతాయి. రేకు పొర, కాగితం పొర తేమను ఒకేలా పీల్చవు కాబట్టి అట్లా అవుతుంది. దాన్ని మడతగా చెప్పక్కర్లేదు గానీ ఫొటోలో కనిపించేలా తీయండి.

ప్రతి మంచి కార్డుకూ రెండు ఫొటోలు తీయండి, ముందు ఒకటి, వెనక ఒకటి. లోపం ఉన్న మూలను దగ్గరగా ఇంకొకటి. లోపాన్ని మీరే ముందు చూపిస్తే అవతలి మనిషి మిగతా కార్డుల గురించి మీ మాట నమ్ముతాడు.

ధర కోసం ఈబేలో 'సోల్డ్ ఐటమ్స్' అని ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో చూడండి. ఎవరో లక్ష అడుగుతున్నారంటే ఆ కార్డు లక్షకు అమ్ముడుపోయినట్టు కాదు. నిజంగా అమ్ముడైన చివరి నాలుగైదు ధరలు రాసుకుని, మీ కార్డు పరిస్థితికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. గ్రేడింగ్ చేయించి పది మార్కుల్లో ఇన్ని వచ్చాయని డబ్బాలో సీల్ చేసిన కార్డుల ధరతో, మీ చేతిలో ఉన్న విడి కార్డును పోల్చకండి. ఆ రెండూ వేరు.

చేసేవాళ్లను వెతకడం

హైదరాబాద్‌లో కామిక్ కాన్ అనే కామిక్స్, సినిమా అభిమానుల మేళా జరిగినప్పుడు కాస్‌ప్లే వేషాలు (సినిమా, కామిక్ పాత్రల వేషాలు), హెల్మెట్లు, కత్తులు చేసేవాళ్లు అక్కడికి వస్తారు. అది ఒక దారి. నాకు మాత్రం ఇంకొంచెం దగ్గరలోనే దొరికింది. పెళ్లి స్టేజీలకు థర్మకోల్ తోరణాలు చెక్కేవాళ్లు, వినాయక మండపాలకు సెట్టింగులు వేసేవాళ్లు, పౌరాణిక నాటకాల సామాను కిరాయికిచ్చేవాళ్లు మన ప్రతి టౌన్‌లో ఉన్నారు. చిందు యక్షగానం కళాకారుల కిరీటాలు, భుజకీర్తులు ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూడండి. తేలికైన పొణికి కర్రతో చేసినవి, రాత్రంతా తలమీద మోసినా మెడ లాగకుండా ఉంటాయి. దూరంగా కూర్చున్నవాళ్లకు బంగారంలా కనిపించాలి, వేసుకున్నవాళ్లకు దూదిలా ఉండాలి. సినిమా వస్తువు చేసేవాళ్ల పని కూడా సరిగ్గా అదే. ఆ చేయి తిరిగినవాళ్లను అడిగితే వాళ్లే చేస్తారు, లేదంటే చేసేవాళ్లను చూపిస్తారు.

నాకు దొరికిన పాలమూరు అన్న పగలు పెళ్లి స్టేజీలు కడతాడు, రాత్రిళ్లు గదలు, కిరీటాలు చేస్తాడు. ఆయన బిడ్డకు పోకెమాన్ కార్డులంటే ప్రాణం. మా బేరం కుదరడానికి అసలు కారణం అదే. కార్డులు అక్కర్లేని మనిషికి కార్డులు అంటగట్టాలని చూడకండి. ఆయనకు గానీ, ఆయన ఇంట్లోవాళ్లకు గానీ నిజంగా ఇష్టం ఉంటేనే మాట మొదలుపెట్టండి. లేకపోతే ముందు కార్డులు అమ్మి, ఆ డబ్బుతో వస్తువు చేయించుకోవడం మర్యాద.

ఏ నమూనా ప్రకారం చేయాలి

గద అంటే ఏ గద? ఏ సీన్‌లోది? ఇది మొదటే తేల్చుకోండి. పాత పౌరాణికాలదైతే ఒక చిక్కు ఉంది. 1957 నాటి మాయాబజార్ నలుపు తెలుపు సినిమా. 2010లో రంగుల్లో విడుదలైంది గానీ, ఆ రంగులు తర్వాత వేసినవి. కాబట్టి ఘటోత్కచుడి గద రంగు ఇదేనని ఫొటో చూసి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. రాగి రంగా, ఇత్తడి రంగా అనేది మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి. నేను ఇత్తడి రంగు అడిగాను, గాట్లలో నల్లగా మసి పట్టినట్టు.

ఒకే వస్తువువి నాలుగైదు కోణాల్లో ఫొటోలు ఇవ్వండి. నటుడి చేతిలో ఉన్న ఫొటో ఒకటి తప్పనిసరి, దాన్నిబట్టే కొలత తెలుస్తుంది.

దేంతో చేస్తున్నారో అడగండి

మన ఎండలకు ఈ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. త్రీడీ ప్రింటర్‌లో చేసే వస్తువుల్లో చాలావరకు పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో వస్తాయి. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో నల్లగొండలో బయట 44, 45 ఉంటే, అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు. నేను మొదట తెచ్చుకున్న త్రీడీ ప్రింట్ బాకును కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి భోజనానికి వెళ్లాను. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే దాని కొన ముందుకు వంగి అద్దానికి ఆనుకుని ఉంది. చల్లారాక అట్లనే గట్టిపడింది. చేసినాయన తప్పేం లేదు, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పీఈటీజీ అనే ప్లాస్టిక్ అయితే 80 వరకు, ఏబీఎస్ అనేది అయితే 100 దాకా ఆగుతుంది. కాబట్టి త్రీడీ ప్రింట్ అయితే ఏ ప్లాస్టిక్ అని అడిగి తీరాలి.

మా గద ఫోమ్‌ది. దాన్ని చేస్తుంటే ఒక సాయంత్రం కూర్చుని చూశాను. గద తలకాయ కోసం పది మిల్లీమీటర్ల ఫోమ్ షీట్‌ను ఎనిమిది ముక్కలుగా కోశాడు, ఒక్కోటి బత్తాయి తొనలా మధ్యలో వెడల్పు, రెండు కొసల్లో సూది. అంచులకు రెండు వైపులా ఫెవికాల్ ఎస్ఆర్ అనే జిగురు పూసి పక్కన పెట్టాడు. నేను వెంటనే అంటిస్తాడేమో అనుకున్నాను. పది నిమిషాలు ఆగి, వేలితో తాకి, తడి అంటకుండా జిగురు మాత్రం పట్టుకుంటోందని చూసుకున్నాకే రెండు ముక్కలు కలిపాడు. ఒకసారి అంటితే మళ్లీ ఊడదు, అందుకే కొస దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చాడు. ఎనిమిది తొనలు కలిసి గుండ్రటి కాయ అయ్యేసరికి రెండు గంటలు. ఆ తర్వాత హీట్‌గన్‌తో పైన తడిమినట్టు వేడి పెడితే ఫోమ్ రంధ్రాలు మూసుకుని పల్చటి మెరుపు వస్తుంది. దానిమీద ప్రైమర్, దానిమీద నల్ల రంగు, ఆరాక దాదాపు ఎండిన బ్రష్‌తో బంగారు రంగు రుద్దడం. మిట్టల మీద మాత్రమే బంగారం అంటుకుంటుంది, గాట్లలో నలుపు మిగిలిపోతుంది. పిడికి లోపల పీవీసీ పైపు.

ఇంత పని చూశాక మనం బేరమాడే గొంతు మారుతుంది. వీలైతే మీరూ ఒకసారి వెళ్లి కూర్చోండి.

లెక్క కుదర్చడం

నేను సూటిగా అడిగాను, "ఎన్ని గంటలు పడుతుందన్నా?"

"రాత్రిపూట పని తమ్మీ, గంటలు ఎవడు చూస్తడు" అన్నాడు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టి, "అన్నీ కలిపితే ఇరవై రెండు గంటలు అయితది" అన్నాడు.

సామానుకు 1,200 రూపాయలు. పనికి గంటకు 100 లెక్కన 2,200. మొత్తం 3,400. ఆయన నిజానికి అంత అడగలేదు, నేనే వేశాను. మేస్త్రీ రోజు కూలి కన్నా తక్కువ లెక్క వేస్తే అది మార్పిడి కాదు, ఆయన పనిని ఊరికే తీసుకోవడం.

ఇటు కార్డులు. ఆయన బిడ్డ ఎంచుకున్నవాటి అమ్ముడైన ధరలు కలిపితే 5,000 వచ్చింది. దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోవద్దు. ఆ ధర రావాలంటే ఎక్కడో కొనేవాళ్లు దొరకాలి, పోస్టు ఖర్చు కావాలి, నెలలు పట్టొచ్చు. నేను అందులో 65 శాతం వేస్తాను, అంటే 3,250. తేడా 150 రూపాయలు నగదుగా ఇచ్చాను. ఆయన వద్దన్నాడు, నేను పాప చేతిలో పెట్టాను. ఎనర్జీ కార్డుల కట్ట ఉచితంగా ఇస్తే ఆ పిల్ల అన్నిటికన్నా ఎక్కువ సంబరపడింది.

కార్డుల విలువ తక్కువ పడితే నగదు కలపండి. ఎక్కువైతే చిన్న వస్తువేదైనా అదనంగా చేసివ్వమని అడగొచ్చు, ఒక ఉంగరమో, చిన్న కిరీటమో.

మెసేజ్‌లో రాసుకోవడం

ఎంత తెలిసిన మనిషైనా ఇది చేయండి. మేం వాట్సాప్‌లో రాసుకున్నది దాదాపు ఇట్లా ఉంది:

"నా తరఫున 31 కార్డులు, లిస్టు, ఫొటోలు పైన ఉన్నాయి, నగదు 150. మీ తరఫున ఫోమ్ గద ఒకటి, పొడవు 36 అంగుళాలు, ఇత్తడి రంగు, తలకాయ ఊడదీసేలా. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక నెల లోపు. కలిసి చేతికి చేయి మార్చుకుందాం. చూసుకున్నాక నచ్చకపోతే ఎవరివి వాళ్లు తీసుకుపోదాం."

"సరే తమ్మీ" అని ఆయన పెట్టిన జవాబుతో ఒప్పందం పూర్తి. చివరి వాక్యం మర్చిపోకండి, దానివల్ల ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

కత్తి అయితే

కత్తి, బాకు, గొడ్డలి లాంటివి కావాలంటే ఫోమ్‌తోనో కర్రతోనో చేయించుకోండి. ఇనుప రేకు, పదును వద్దు. ఇంటి, పొలం పనులకు కాని పదునైన ఆయుధం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉంటే 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. ఫోమ్ కత్తినైనా బస్సులో బట్ట చుట్టి తీసుకెళ్లండి, తోటి ప్రయాణికులు భయపడకుండా. బొమ్మ తుపాకులను నేనైతే బస్సులో, రైల్లో అసలు తీసుకెళ్లను.

చేతికి చేయి మార్చుకోవడం

మేం కల్వకుర్తి బస్టాండులో కలిశాం. నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా నేను, జడ్చర్ల మీదుగా ఆయన, ఇద్దరికీ దారి మధ్యలో. పగటిపూట, జనం ఉన్న చోటే కలవండి.

వస్తువు చేతిలోకి తీసుకున్నాక తొందర పడకండి. ముందు ఊపి చూడండి, తలకాయ కదలకూడదు. అతుకుల మీద వేలు జరపండి, చీలిక తగిలిందో లేదో తెలుస్తుంది. కింద కనిపించని చోట గోటితో మెల్లగా గీకితే పెయింట్ పొట్టుగా లేవకూడదు. ముక్కు దగ్గర పెట్టుకోండి, జిగురు వాసన గాఢంగా ఉంటే ఇంకా ఆరలేదని అర్థం, ఇంట్లో రెండు రోజులు గాలికి పెట్టాలి. అవతలివాళ్లు కార్డులు ఒక్కొక్కటీ లిస్టుతో సరిచూసుకునేదాకా మీరూ ఓపిగ్గా కూర్చోండి. ఆ పాప 31 కార్డులూ రెండుసార్లు చూసింది. చాయ్ రెండుసార్లు తాగాం.

పార్శిల్ తప్పదంటే

కార్డులకు రబ్బరు బ్యాండు వేయకండి, అంచులు కోసుకుపోతాయి. ఒక్కో కార్డును పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, ఖరీదైనవాటిని టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరులో దించి, రెండు అట్ట ముక్కల మధ్య పెట్టి టేపు వేయండి. టేపు కొస మడిచి ఉంచితే విప్పేవాళ్లకు బ్లేడు అవసరం రాదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫొటో తీసి పెట్టండి.

గద లాంటివి ఆర్టీసీ కార్గోలో పంపించొచ్చు. తలకాయ, పిడి విడదీసి, విడివిడిగా పాత చీరలో చుట్టి, డబ్బాలో నాలుగు వైపులా రెండేసి అంగుళాలు కాగితాలు కుక్కాలి. ఆ డబ్బాను ఇంకో పెద్ద డబ్బాలో పెట్టాలి. అందుకున్నవాళ్లు టేపు కోయడం దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయాలని ముందే మాట అనుకోండి. ఎండాకాలంలో ప్రింట్ చేసిన వస్తువు అయితే పొద్దుటి బస్సుకే వేయండి.

ఇంటికొచ్చాక

పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు, సాయంత్రానికి ఆ గోడ పొయ్యిలా ఉంటుంది. వారానికోసారి పొడి బట్టతో దుమ్ము దులపండి, తడిబట్ట వద్దు. ఎవరైనా కొంటామంటే, సినిమాలో వాడిన అసలు గద అని ఎన్నడూ చెప్పకండి. ఎవరు చేశారో, దేంతో చేశారో చెప్పండి. పిల్లల స్కూల్ నాటకానికి అడిగితే ఇవ్వండి, దెబ్బలాటకు మాత్రం వద్దని చెప్పి ఇవ్వండి, ఫోమ్ అతుకు కింద పడితే తట్టుకుంటుంది గానీ గోడకేసి కొడితే విడిపోతుంది. నిలబెట్టిన చోట ఒక మంచి ఫొటో తీసి చేసినవాళ్లకు పంపండి. నేను పంపిన ఫొటో చూసి పాలమూరు అన్న ఫోన్ చేశాడు. మెడ దగ్గర నలుపు కొంచెం తక్కువైందని, మళ్లీ అటు వచ్చినప్పుడు గద తెస్తే సరిచేసి ఇస్తానని అన్నాడు.